ఒకే పేరు మీద రెండు దరఖాస్తులు

ఆ ఊళ్ళో ఒకే పేరు గలవాళ్ళు ఇద్దరుండేవారు. ఇంటిపేరు కూడా ఒకటే. చుట్టరికం మాత్రం లేదు. ఉందేమోనని ఇద్దరి తాతలూ ఒకసారి పనిగట్టుకుని కూర్చుని, నాలుగు తరాలు వెనక్కి వెళ్ళి చూసి, లేదని తేల్చుకుని లేచారట. తండ్రుల పేర్లు వేరే అయినా మొదటి అక్షరం ఒకటే కావడంతో, కాగితం మీద ఇద్దరూ ఒకే మనిషి. బడిలో మాస్టారు ఒకటోవాడు, రెండోవాడు అని పిలిచేవారు. పెద్దయ్యాక ఒకాయన ఆవుల్ని పెట్టుకున్నాడు, ఇంకొకాయన పూలతోట వేశాడు. దాంతో ఊరివాళ్ళకి పని సులువైపోయింది. ఒకాయన పాలాయన, ఇంకొకాయన పూలాయన. అసలు పేరుతో వాళ్ళని పిలిచేది ప్రభుత్వమూ బ్యాంకూ మాత్రమే.

పూలాయన నాలుగు నెలలు పెద్ద. ఆ అధికారంతో పాలాయనని ఎక్కడ కనబడినా "ఏం నకలూ, బాగున్నావా?" అని పలకరించేవాడు. "నీ దయ అసలూ" అనేవాడు పాలాయన. ఇద్దరూ మంచి స్నేహితులని చెప్పడానికి లేదు. ఒకరింటికి ఒకరు వెళ్ళేది తారుమారైన ఉత్తరాలో, కరెంటు బిల్లులో ఇచ్చిపుచ్చుకోవడానికే. ఒకసారి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు పాలాయన కొట్టానికి బదులు పూలతోటలోకి వెళ్ళి, ఈనబోయే ఆవు ఎక్కడుందని అడిగాడు. పూలాయన మొహంలో నవ్వు కనబడనీయకుండా ఆయన్ని తోటంతా తిప్పి, "వీటిలో నిండు చూలాలు ఏదో మీరే చెప్పాలి డాక్టరుగారూ" అన్నాడట. ఆ మాట చాలా ఏళ్ళు ఊళ్ళో తిరిగింది.

జబ్బు వచ్చిన ఏడాది ఎండలు ముదిరే వేళకి రోడ్లన్నీ మూసేశారు. పాల ట్యాంకరు రావడం ఆగిపోయింది. పట్నంలో హోటళ్ళూ బడులూ మూతబడ్డాయి, పాలు ఎత్తేవాళ్ళు లేరు అని డైరీవాళ్ళు ఫోనులో చెప్పి పెట్టేశారు. ఆ సంగతి ఆవులకి ఎవరు చెబుతారు? తెల్లవారేసరికి పొదుగులు నిండుతాయి. పితకకపోతే వాస్తాయి, చీము పడుతుంది. పాలాయనకి తొమ్మిది పాడి ఆవులు. ఆయనా భార్యా చెరో పక్కన కూర్చుని రోజూ లాగే పితికేవారు. అడిగినవాళ్ళకి చెంబుల్లో పోసి ఇవ్వగా మిగిలినవి కొట్టం వెనక కాలవలో గుమ్మరించేవారు. మొదటి రెండు రోజులూ పాలాయనే పోశాడు. మూడో రోజు చెయ్యి రాలేదు. ఆ పని భార్య తీసుకుంది. బిందె వంచేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది. అలా ఇరవై మూడు రోజులు. కాలవ పొడుగునా తెల్లటి మీగడ కట్టి, పులిసి, దోమలు ముసిరి, ఇంట్లో అన్నం సయించేది కాదు.

పూలాయన పరిస్థితి ఇంకా అన్యాయం. పెళ్ళిళ్ళు లేవు, సభలు లేవు. ఆఖరికి చావులకి కూడా పూలు కొనే మనిషి లేడు. చామంతులు విరగబూసి, పూసినవి పూసినట్టే మొక్కల మీద ఎండిపోయాయి. ఓ పొద్దున్న ట్రాక్టరు పిలిపించి రెండున్నర ఎకరాలూ దున్నించేశాడు. ట్రాక్టరు వెళ్ళిపోయాక గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడని, పిలిస్తే పలకలేదని చూసినవాళ్ళు అన్నారు.

ఆ తర్వాత రేడియోలో చెప్పారు, నష్టపోయిన రైతులకి ప్రభుత్వం సాయం చేస్తుందని, జిల్లా వ్యవసాయ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోమని. కార్యాలయం ముందు నేల మీద సున్నంతో గుండ్రాలు గీశారు. గుండ్రానికి ఒక రైతు. పాలాయన నిలబడ్డ గుండ్రం వెనక గుండ్రంలో పూలాయన ఉన్నాడు. ఫారం చేతికొచ్చాక చూసుకుంటే పాలాయన కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చాడు. "ఇలా తే, నేను రాసిపెడతాను" అని పూలాయన అందుకున్నాడు. మెట్ల పక్క అరుగు మీద ఇద్దరూ రెండు బారల దూరంలో కూర్చున్నారు. మూతికి గుడ్డ కట్టుకుని ఉండటంతో ఒకరికొకరు గట్టిగా అరిచి చెప్పుకోవలసి వచ్చింది.

"నష్టానికి కారణం అని అడుగుతున్నాడురా. ఏం రాయమంటావు?"

"ఆవులు ఇవ్వడం మానలేదు, మనుషులు తాగడం మానేశారు, అని రాయి."

పూలాయన నవ్వి, 'రవాణా స్తంభించుట వలన' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, "ఒకే పేరు మీద రెండు దరఖాస్తులేమిటని ఒకటి చించి పారేస్తారేమో. చింపితే నీదే చింపాలి, నకలువి నువ్వే కదా" అన్నాడు. ఆ మధ్య చాలా రోజులకి పాలాయన నవ్వింది అప్పుడే. ఆ మనిషితో ఆయన మాట్లాడటం కూడా అదే ఆఖరు.

పది రోజులు గడిచాయి. పొద్దున్న పదకొండు గంటలప్పుడు పాలాయన కొట్టంలో పేడ ఎత్తుతున్నాడు. భార్యకి రెండు రోజులుగా పొడి దగ్గు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో దగ్గు వినబడితే చాలు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. ఎవరైనా చెప్పేస్తే పట్టుకుపోయి క్వారంటైన్ కేంద్రంలో పెడతారని, లోపలికి వెళ్ళిన మనిషిని ఇంటివాళ్ళకి చూపించరని వాడుకగా చెప్పుకునేవారు. ఇద్దర్నీ తీసుకుపోతే తొమ్మిది ఆవుల్ని చూసేదెవరు? ఆ భయం ఆయన్ని రెండు రోజులుగా నిద్రపోనివ్వలేదు.

అంబులెన్సు వచ్చి సరిగ్గా ఆయన గేటు ముందు ఆగింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగులు వేసుకున్నవాళ్ళు ఇద్దరు దిగారు. ఒకతను చేతిలో కాగితం చూసి గట్టిగా పేరు చదివాడు. అది పాలాయన పేరే.

ఆయన చేతిలో పార అక్కడే వదిలేసి గడ్డి మోపుల వెనక్కి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ భార్యకి చేత్తో సైగ చేశాడు, నేను లేనని చెప్పమని. ఆమె గేటు దగ్గరికి వెళ్ళి, ఆయన ఊళ్ళో లేరని చెప్పింది. దగ్గు రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున్న ఫోన్ చేశారమ్మా. ఊపిరి ఆడటం లేదన్నారు. మనిషి లోపలున్నాడా?" అన్నాడు కాగితం పట్టుకున్నతను.

గడ్డి మోపుల సందులోంచి పాలాయనకి ఆ మాట స్పష్టంగా వినబడింది. వినబడగానే అర్థమైపోయింది. ఈ ఇంట్లోంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఊపిరి ఆడనివాడు పై వీధిలో ఉన్నాడు. బయటికి వచ్చి, 'ఆ పేరుగలాయన పై వీధిలో, నీళ్ళ ట్యాంకు పక్కన' అని ఒక్క మాట అంటే సరిపోతుంది. కాని బయటికి వస్తే, ఊళ్ళో లేడన్న మనిషి కొట్టంలోంచి ఎందుకు వచ్చాడంటారు. దాక్కోవలసిన పనేమిటంటారు. భార్యని నిలదీస్తారు. ఆమె దగ్గుతుంది. ఇంకో నిమిషం చూద్దాం, వాళ్ళే తెలుసుకుని వెళ్తారు అనుకున్నాడు. ఆ నిమిషం అయ్యాక ఇంకో నిమిషం అనుకున్నాడు.

వచ్చినవాళ్ళు ఈమె రోగిని దాచిపెడుతోందనుకున్నారు. అలాంటి ఇళ్ళు వాళ్ళు చాలా చూసి ఉన్నారు. బతిమాలారు, కోప్పడ్డారు, ఆఫీసుకి ఫోన్ చేశారు. అక్కడివాళ్ళూ అదే పేరూ అదే ఊరూ చెప్పారు. ఆఖరికి ఆమె గేటు పట్టుకుని, "ఈ పేరుతో పై వీధిలో ఇంకొకాయన ఉన్నారు" అంది. వాళ్ళు ఆమె వంక ఒక చూపు చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. అప్పటికి అరగంట గడిచింది.

నాలుగో రోజు పూలాయన ఆసుపత్రిలో పోయాడు. జిల్లా జాబితాలో పేరు చదివినవాళ్ళు కొందరు పాలాయన పోయాడనుకున్నారు. దాణా వ్యాపారి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమన్నాడు. "నేనే మాట్లాడుతున్నాను" అన్నాడు పాలాయన. నిండు నూరేళ్ళు బతుకుతారు లెండి, అని ఏదో సర్దిచెప్పాడు వ్యాపారి. పాలాయన ఫోన్ పెట్టేసి కొట్టంలోకి వెళ్ళి, చెయ్యవలసిన పనేమీ లేకపోయినా ఆవుల మధ్య నిలబడ్డాడు.

అంత్యక్రియలకి ఐదుగురినే రానిచ్చారు. ఆ ఆంక్ష పాలాయనకి ఆ రోజుకి అడ్డుపడి కాపాడింది. నెల తిరిగేసరికి ఆంక్షలు సడలించారు. అప్పుడూ పలకరించడానికి వెళ్ళలేదు. భార్య దగ్గు ఉత్తి జలుబే అయి తగ్గిపోయింది. ఆ అరగంట గురించి మొగుడూ పెళ్ళాం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. పాల ట్యాంకరు మళ్ళీ వస్తోంది, పని మళ్ళీ మొదలైంది. చూసేవాళ్ళకి ఆ ఇంట్లో ఏ తేడా లేదు.

వర్షాలు వెనకపట్టాక సాయం డబ్బు వచ్చింది. ఫోనులో సందేశం చూసి పాలాయన ఆ రోజే బ్యాంకుకి వెళ్ళి, తీసి, దాణా వ్యాపారి బాకీ కట్టేశాడు. పన్నెండు రోజుల తర్వాత ఇంకొక సందేశం వచ్చింది. ఈసారి మొత్తం అంతకు రెండింతలుంది. రెండో విడత కూడా ఉండొచ్చని రేడియోలో ఎప్పుడో అన్నారు. అదే అయివుంటుంది అనుకున్నాడు. కార్యాలయానికి ఒక ఫోన్ చేస్తే తెలిసిపోయేది. చెయ్యలేదు. చెయ్యకపోవడానికి కారణమేమిటని తనని తాను ప్రశ్నించుకోలేదు కూడా.

భార్యకి మణికట్లు పాడైపోయి చాలా కాలమైంది. ఇరవై ఏళ్ళ పితుకుడు. పొద్దున్న లేవగానే వేళ్ళు ముడుచుకోవు, గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుంటే గాని చెంబు పట్టుకోలేదు. ఆ డబ్బుతో పాలు పితికే మెషిను కొన్నాడు. మిగిలినదానితో కొట్టానికి కొత్త రేకులు వేయించాడు. మెషిను మొదటిసారి తిప్పిన పొద్దున్న ఆమె పక్కన ఊరికే నిలబడి, పాలు గొట్టంలోంచి పోతుంటే చూస్తూ, "నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదండీ" అని నవ్వింది.

ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. ఊరి పాత పోస్టుమ్యాన్ అయితే ఏది ఎవరిదో కవరు వాసన చూసి చెప్పేవాడు. ఆయన రిటైరయ్యాడు. కొత్తమ్మాయి పేరు చూసి ఇచ్చేసి వెళ్ళింది. పాలాయన చేతులకి పేడ ఉండటంతో భార్య విప్పి చదివింది. 'మంజూరు పత్రం' వరకు పైకి చదివి, ఆ తర్వాత మనసులోనే చదువుకుని, కాగితం ఆయనకి కనబడేలా పట్టుకుంది. పంట: చామంతి, గులాబీ. విస్తీర్ణం: రెండున్నర ఎకరాలు. మొత్తం దగ్గర రాసిన అంకె రెండోసారి వచ్చిన డబ్బు అంకే.

ఆమె కాగితాన్ని మడతల ప్రకారం మడిచి అలమరలో పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆయన కొట్టంలోకి వచ్చేసరికి ఆమె చిన్న పీట వేసుకుని చేత్తో పితుకుతోంది. మెషిను మీద గోనెపట్టా కప్పి ఉంది.

"పాడైందా?" అన్నాడు.

"లేదు" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఇంకో పీట తెచ్చుకుని అవతలి పక్క కూర్చున్నాడు. అలా వారం నడిచింది. ఎనిమిదో రోజు ఆమె వేళ్ళు వాచి ఉంగరం ఇరుక్కుపోయింది. ఆ రోజు ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ఉత్తరం జేబులో పెట్టుకుని, జిల్లా కార్యాలయానికి బస్సెక్కాడు.

సాయం దరఖాస్తులు చూసే సీటులో ఒక గుమాస్తావిడ ఉంది. ఆమె ముందు ప్లాస్టిక్ తెర వేలాడుతోంది. వెనక గోడ పొడుగునా, కిటికీ మట్టం దాకా ఫైళ్ళు. పాలాయన చెప్పిందంతా ఆమె మధ్యలో ఆపకుండా వింది. కంప్యూటరులో పేరు కొట్టి చూసి, రెండు దరఖాస్తులకీ ఒకే బ్యాంకు ఖాతా ఎక్కిందని, పేరు నొక్కితే మొదట వచ్చిన ఖాతాని ఎవరో ఎంచుకుని ఉంటారని చెప్పింది. ఆ ఎవరో తనే కావచ్చని కూడా ఒప్పుకుంది. ఆ నెలలో రోజుకి నాలుగు వందల ఫారాలు ఎక్కించారట.

"తిరిగి కట్టేస్తానమ్మా. కొంచెం గడువివ్వండి. ఆ ఇంటివాళ్ళకి చేరేలా చూడండి."

గుమాస్తావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అవతలాయన డబ్బు మంజూరైన తేదీకి ముందే పోయారని, మంజూరు నాటికి రైతు బతికి ఉండాలన్నది నిబంధన అని చెప్పింది. డబ్బు వెనక్కి కడితే ఖజానాకి పోతుంది. వారసులు మళ్ళీ అప్పీలు పెట్టుకోవాలి. ఆమె కుర్చీ తిప్పి గోడవైపు చూపించింది. కింద వరసంతా అప్పీళ్ళే. ఇంకా ఒక్కటి కూడా విప్పలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఈ కుర్చీలో కూర్చుని చెప్పమంటే, తిరిగి కట్టండి అనే చెప్పాలి." ఆమె గొంతు తగ్గింది. "రికార్డులో ఒకే పేరు, ఒకే ఖాతా. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. మీరు ఆ ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా?"

లేదన్నాడు. ఆమె ఉత్తరం తెర కిందనుంచి ఆయనవైపు తోసి, తర్వాతి మనిషిని పిలిచింది.

బస్సు దిగి ఇంటివైపు తిరగకుండా, పై వీధిలోకి నడిచాడు. నీళ్ళ ట్యాంకు దాటగానే పూలాయన ఇల్లు. ముంగిట్లో ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి దూర్చి మనిషెత్తున నిలబెట్టి ఉన్నాయి. పూలాయన భార్య గుమ్మం ముందు చాప పరుచుకుని, నారు సంచుల్లో మట్టి నింపుతోంది. ఆయన్ని చూసి లేవబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుంది.

"రండి అన్నయ్యగారూ. కుర్చీ లోపలుంది, మీరే తెచ్చుకోవాలి."

ఆయన కుర్చీ తెచ్చుకోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. జేబులోంచి ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టి, డబ్బు ఎలా వచ్చిందో, ఎలా ఖర్చయిందో, కార్యాలయంలో ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండో విడత అనుకున్నానని అన్నాడు. అని, మళ్ళీ తనే, "అనుకోవాలని అనుకున్నానమ్మా" అన్నాడు.

ఆమె చేతులు దులుపుకుని, గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళి, ఇంకొక కవరు తెచ్చి ఆయనకిచ్చింది. మంజూరు పత్రం. పాడి ఆవులు: తొమ్మిది.

"ఇది వచ్చి ఇరవై రోజులు దాటింది. ఆయన ఖాతాలో చూపించుకున్నాను, ఏమీ పడలేదు. మీ ఖాతాలోకి వెళ్ళి ఉంటుందని అప్పుడే అనుకున్నాను."

"మరి అడగలేదేమమ్మా?"

"మీరు వస్తారో రారో చూద్దామని. రాకపోతే అడగకూడదనుకున్నాను. అడిగి తెచ్చుకున్న డబ్బుతో ఆయన తోటలో మొక్క పెట్టబుద్ధి కాదు నాకు."

ఇక లేచి వెళ్ళిపోవచ్చు. ఎప్పటిలోగా ఇస్తాడో చెప్పి, ఉత్తరాలు మార్చుకుని, ఎప్పటిలాగే బయల్దేరొచ్చు. ఆయన లేచాడు కూడా. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, మళ్ళీ తీసేసి, అదే మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇంకొకటుందమ్మా" అన్నాడు.

అంబులెన్సు ముందు తన గేటుకి వచ్చిందని చెప్పాడు. గడ్డి మోపుల వెనక దాక్కున్నానని చెప్పాడు. ఊపిరి ఆడటం లేదని ఫోన్ వచ్చిందని వాళ్ళనడం విన్నానని, అది ఎవరో ఆ క్షణమే తెలిసిందని, తెలిసి కూడా బయటికి రాలేదని చెప్పాడు. భార్యకి దగ్గుగా ఉందన్న సంగతి నోటిదాకా వచ్చింది గాని, దాన్ని మింగేశాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేక మట్టి సంచుల్ని చూస్తున్నాడు. చెప్పడం అయిపోయాక వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదిహేడు దాకా వచ్చాడు.

"మొత్తం ఎంతసేపు ఆగారు వాళ్ళు?"

"అరగంట."

"నేను ఇంకా ఎక్కువనుకున్నాను" అంది ఆమె.

మళ్ళీ కూర్చుని ఒక సంచీ తీసుకుంది గాని మట్టి పొయ్యలేదు. సంచీ నోరు వేళ్ళతో తెరుస్తూ, మూస్తూ చెప్పింది. పూలాయన పడుకోలేకపోయాడట. పడుకుంటే ఊపిరి ఇంకా అందడం లేదని ఇదిగో ఈ గుమ్మంలోనే గోడకి ఆనుకుని కూర్చున్నాడట. ఎరువుల బిల్లులు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పాడు. ఉత్తర దిక్కు గట్టున ఉన్న గులాబీలు ముసలివైపోయాయి, వాటిని తీసేసి కొత్తవి పెట్టించమన్నాడు. రెండు మాటలకొకసారి ఆగి రొప్పేవాడు. మాట్లాడొద్దంటే వినలేదు. ఆ తర్వాత మోటారు ఆపి రమ్మన్నాడు, నీళ్ళు వృథాగా పోతున్నాయని. ఆమె వెళ్ళి ఆపి వచ్చేసరికి బండి వచ్చి ఉంది. ఎక్కించేశారు.

"ఆ తర్వాత మళ్ళీ మాట్లాడలేదు. ఆసుపత్రిలో గొట్టం పెట్టేశారు. అంటే, ఆ అరగంటే నాకు మిగిలింది. ఆయనకి మిగల్లేదు." ఆమె గొంతు చెదరలేదు. "డాక్టర్ని అడిగాను. కాస్త ముందొచ్చి ఉంటే బతికేవాడా అని. చెప్పలేం అన్నాడు. మీరు చెప్పగలరా?"

"చెప్పలేనమ్మా."

"మరి నేను మాత్రం ఏమనను? పోనీలెండి అనాలనుంది. నోరు రావడం లేదు. తిడదామంటే మీరు వచ్చి చెప్పారాయె. నేను మీ గడ్డి మోపుల వెనక ఉంటే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు." చేతిలో సంచీ పక్కన పెట్టి అంది, "డబ్బు తెచ్చివ్వండి అన్నయ్యగారూ. అది తీసుకుంటాను. ఆ రెండో మాట మీ దగ్గరే ఉండనివ్వండి. దాన్ని నేను తీసుకోలేను."

పాలాయన తల ఊపాడు. లేచి చెప్పులేసుకుని, గేటు దాటాక గాని ఏడుపు రాలేదు. నీళ్ళ ట్యాంకు గోడ పక్కన నిలబడి, మూతిగుడ్డ తడిసిపోయేదాకా ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి వెళ్ళాడు.

భార్యకి అంతా చెప్పాడు. ఆమె మొదట అడిగింది, తన సంగతి కూడా చెప్పారా అని. చెప్పలేదన్నాడు. "లేరని చెప్పింది నా నోరే కదా" అంది. మర్నాడు ఆమె ఒక్కతే పై వీధికి వెళ్ళి గంటసేపు ఉండి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

మెషిను అమ్మేద్దామని ఆమె పట్టుబట్టింది. దుకాణంవాడు సగం ధర కూడా ఇస్తాననలేదు. పాలాయన ఆ మాట అక్కడితో తుంచేసి, చూడి మీదున్న రెండు పడ్డల్ని అమ్మాడు. రెండూ ఈ కొట్టంలో పుట్టినవే. కొనేవాడి లారీ ఎక్కనంటూ పెద్దది గిట్టలు నేలకి బిగబట్టి నిలబడింది. ఆయనే మెడ నిమిరి ఎక్కించాడు. ఆ డబ్బుతో దాదాపు మూడొంతుల్లో రెండొంతులు తీరింది. మిగిలింది నెలనెలా పాల డబ్బు రాగానే పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఆమె లోపలికి తీసుకెళ్ళి పెట్టి వచ్చేది. కుర్చీ వెయ్యడం, మంచినీళ్ళివ్వడం ఉండేది. మాటలు ఉండేవి కావు. ఒక్కో నెల నిలబడే ఇచ్చి వచ్చేసేవాడు. ఆ గుమ్మంలో నిలబడటం ఆయనకి ఏ నెలా అలవాటు కాలేదు. గోడకి పూలాయన తల ఆనిన చోట సున్నం కొంచెం నల్లబడి ఉండేది. అది చూడకుండా ఉండటానికి ఆయన వీధివైపు తిరిగి నిలబడేవాడు.

భార్య మళ్ళీ మెషిను తిప్పడం మొదలుపెట్టింది. ఎందుకు మనసు మార్చుకున్నావని ఆయన అడిగితే, ఆ ఇంటావిడే చెప్పిందని మాత్రం అంది.

ఏడో నెల ఆఖరి వాయిదా. పట్టుకెళ్ళేసరికి పూలాయన భార్య తోటలో ఉంది. ఉత్తర దిక్కు గట్టున కొత్త గులాబీ మొక్కలు మోకాలెత్తు లేచాయి. వాటి మీదకి నీడవల కట్టడానికి ఒక్కతీ అవస్థ పడుతోంది. ఈ చివర కడితే ఆ చివర జారిపోతోంది. ఆయన డబ్బు అందించి, ఇంతటితో అయిపోయిందమ్మా అన్నాడు. ఆమె కొంగున ముడేసుకుని, వెళ్ళబోతున్న మనిషిని ఆపింది.

"ఒక చెయ్యి వేస్తారా? ఆ చివర పట్టుకుంటే చాలు."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచి వల అంచు పట్టుకున్నాడు. ఆమె గుంజకి తాడు బిగించేది, ఆయన లాగి పట్టేవాడు. ఎండ నెత్తి మీదకొచ్చింది. తాడు అరచేతుల్ని కోసింది. మధ్యలో ఆమె, కొంచెం ఎడమకి, అంది. ఇంకొంచెం బిగించు అమ్మా, అన్నాడాయన. ఒక పక్కంతా కట్టడం అయ్యేసరికి పాలు పితికే వేళ దగ్గరపడింది.

"వెళ్తానమ్మా" అన్నాడు.

"రేపు రెండో పక్క కట్టాలి. వీలైతే రండి."

మర్నాడు ట్యాంకరు వెళ్ళిపోయాక ఆయన వెళ్ళాడు.